నాయిన రాసిన బోర్డులు

డిజైన్ కాలేజీ ప్రవేశ పరీక్షలో మొదటి మెట్టు దాటానని తెలిసిన రోజు అమ్మ అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు. నేను ఫోను పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుని పాసయ్యానని చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు కానీ ముఖం విచ్చుకుంది. అప్పుడు మిగతా మాట కూడా చెప్పాను. ఇప్పుడొక పోర్ట్‌ఫోలియో తయారుచేసి పంపాలి, అది నచ్చితేనే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

"గదేంది మళ్ల?" అంది.

నేను గీసినవన్నీ ఒకచోట చేర్చి చూపించడం అన్నాను. అయితే ఇంకేం ఫికర్, బీరువా మీద అట్టపెట్టె నిండా నీ బొమ్మలేనాయె అంటూ అమ్మ మళ్లీ ఆకులో తంబాకు పోసుకుంది. నాకూ అప్పుడు అంతే అనిపించింది.

పెట్టె దించి బొమ్మలన్నీ నేల మీద పరిచాను. నెమళ్లు, కొండల మధ్య మునిగే సూర్యుడు, సినిమా హీరోల పెన్సిల్ ముఖాలు, తల మీద బతుకమ్మ పెట్టుకున్న ఆడవాళ్లు, నీటిని పొదుపు చేయమని స్కూలు పోటీకి గీసిన పోస్టరు. ఫొటోలు తీసి ఒక అక్కకు పంపాను. ఆమె మా జూనియర్ కాలేజీలోనే చదివి, అప్పటికే ఒక డిజైన్ కాలేజీలో ఉంది. మా లెక్చరర్ నంబరు ఇప్పిస్తే పరిచయమైంది. నిజామాబాద్ పిల్ల, మాట దాచుకునే రకం కాదు. సాయంత్రం ఫోన్ చేసింది.

"చెయ్యి మంచిగనే ఉన్నది. కని ఇవన్ని ఎవరో గీసినయి చూసి గీసినవే గదనే. వీటిల్ల నువ్వు యాడున్నవ్?"

నువ్వు పుట్టి పెరిగిన చోటు చూపించు, నీకు తెలిసినదేదో దాన్ని పట్టుకో అని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

అది పసుపు తవ్వే కాలం. ఊరి నుంచి ఏ దారిన బయటికి వెళ్లినా చేలలో పసుపు ఉడికే ఆవిరి, ఆ వగరు మట్టివాసన. ఆర్మూర్ పిల్ల పసుపు గీయకపోతే ఇంకేం గీస్తుంది అనుకున్నాను. సైకిల్ వేసుకుని అంకాపూర్ వైపు కల్లాలకు పోయాను. ఎండలో పరిచిన కొమ్ములు, వాటిని తిరగేస్తున్న ఆడవాళ్లు, పాలిష్ డ్రమ్ము తిప్పుతూ కనురెప్పల దాకా పచ్చబడిన మనుషులు, సంచుల గుట్టలు. వారం పైనే గీశాను. కాగితాలకు కూడా నిజం పసుపే పూశాను. నాకు చాలా నచ్చాయి.

అక్కకు వాటి ఫొటోలు పంపాను. ఆమె చూసి, ఇవి బయటినుంచి చూడటానికి వచ్చినవాళ్లు గీసినట్టున్నాయి అంది.

ఉడుక్కున్నాను. ఈ ఊళ్లోనే పుట్టిన దాన్ని పట్టుకుని బయటి మనిషి అంటుందా అని. కానీ రెండు రోజులు ఆలోచిస్తే ఆమె అన్నది నిజమే. మాకు గుంట భూమి లేదు. మా ఇంట్లో ఎవరూ పసుపు తవ్వలేదు, అమ్ముకోలేదు. అందరిలాగే మేమూ దుకాణంలో పొట్లం కొనుక్కుని కూరలో వేసుకునేవాళ్లమే. మా ఇంటిదంటూ ఉన్న పని రెండే రకాలు. అమ్మది బీడీలు. నాయినది రంగులు.

మా నాయిన బోర్డులు రాసేవాడు. ఆర్మూర్ చుట్టుపక్కల దుకాణాలకు, స్కూళ్లకు, ఎరువుల గోదాములకు, ఎలక్షన్లొస్తే గోడలకు. నాకు ఊహ తెలిసేనాటికి ఊళ్లోకి ఫ్లెక్సీ మిషన్లొచ్చాయి. నాయిన రెండు రోజులు కూర్చుని రాసే బోర్డును ఆ మిషను చాయ్ తాగి వచ్చేలోపు ముద్రించి ఇచ్చేది, పైగా దాని మీద దుకాణదారు ఫొటో కూడా. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆయన మస్కట్ పోయాడు. అక్కడా రంగుల పనే, కానీ బిల్డింగులకు. అప్పటినుంచి నాయిన అంటే నాకు ఫోన్‌లో ముఖం. బంకు మంచం, వెనక గోడకు వేలాడే ప్యాంట్లు, పని లేని శుక్రవారం. కంపెనీ సెలవిస్తే చుట్టీ మీద ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నేను కొంచెం పొడుగై ఉండేదాన్ని, ఆయన కొంచెం కొత్తగా ఉండేవాడు. ఇద్దరికీ మాటలు కుదిరేసరికి చుట్టీ అయిపోయేది.

ఆ ఏడు అనుకోకుండా వచ్చాడు. ఒక బిల్డింగు పని అయిపోయింది, ఇంకోటి మొదలు కాలేదు, ఉన్నవాళ్లను కంపెనీ చుట్టీ మీద పంపింది. శంషాబాద్‌లో విమానం దిగి, తాళ్లతో కట్టిన అట్టపెట్టెతో ఇంటికొచ్చి, వాకిట్లో చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు ఒక క్షణం నిలబడ్డాడు. మొదటి నాలుగు రోజులు ఎప్పటిలాగే చుట్టంలా ఉన్నాడు. తువాలు ఎక్కడుందని అడిగేవాడు. అన్నం పెట్టేదాకా పీట మీద కూర్చుని ఎదురుచూసేవాడు. అమ్మ కూడా కొత్త చీర కట్టి, మాట్లాడటానికి మొహమాటపడుతూ, బీడీల చాట ముందర పెట్టుకుని తలొంచుకునేది.

ఒకనాడు పొద్దున, ఇంకేం గీయాలో తోచక, నేను నేల మీద పెద్ద కాగితం పరిచి, పసుపు బొమ్మల ముందు పేజీ కోసం "పసుపు" అని బ్రష్‌తో రాస్తున్నాను. నాయిన వచ్చి వెనక నిలబడ్డాడు. బొమ్మలన్నీ అప్పటికే చూశాడు, మంచిగున్నాయని అన్నాడు కూడా. ఆ మాట అందరూ అనేదే. ఇప్పుడు మాత్రం వంగి, ఆ మూడక్షరాల వైపే చూస్తున్నాడు.

"అక్షరం కూసోలే బిడ్డా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని వేలితో చూపించాడు. 'ప' ఒకవైపు ఒరిగిందట. 'సు' కొమ్ము ఎక్కడ ఆగాలో తెలియక గాలిలో వేలాడుతోందట. అక్షరానికి నేల ఉంటుంది, గీత గీయకపోయినా ఉంటుంది, దాని మీద కూర్చుంటేనే చూసేవాడి కన్ను నిలబడుతుందట. అంత పొడుగు మాట ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

"పసుపు అన్న మాటల్నే రెండు కొమ్ములున్నయి సూడు. గవ్వే సక్కగ రాకపోతె ఇగ ఏం పసుపు?" అని నవ్వాడు.

నా బ్రష్ ఉందా అని అమ్మను కేకేశాడు. పాత బ్రష్షులన్నీ ఎప్పుడో పోయాయి, ఒక్కటే మిగిలింది. దాన్ని అమ్మ గడపకు పసుపు రాయడానికి వాడుతోంది. వెంట్రుకలన్నీ పచ్చబడి, పిడి వరకు కుంకుమ మరకలు. అమ్మ కొంచెం జంకుతూనే తెచ్చి ఇచ్చింది. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిన్నొద్దుల సంది ఇంట్ల పెయింటర్‌వి నువ్వేనన్నట్టు," అన్నాడు. అమ్మ నవ్వింది. ఆ చుట్టీలో ఆమె నవ్వడం అదే మొదలు.

నల్ల ఎనామిల్ రంగు చిన్న డబ్బా, దాన్ని పల్చన చేసే టర్పెంటు తెప్పించి పాత దినపత్రిక మీద రాశాడు. మొదటి అక్షరం ఆయనకూ సరిగా రాలేదు. గీత వణికింది. రెండోదీ వణికింది. ఆపి, చెయ్యి దులుపుకుని, వేళ్లను చూసుకున్నాడు. రసాయనాలకు చర్మం పగిలి, గోళ్ల చుట్టూ తెల్లబడి ఉన్నాయి. అక్కడ రోలర్, స్ప్రే తప్ప బ్రష్ పట్టే పని లేదన్నాడు. "గాడ గోడ మొత్తానికి ఒకటే రంగు. గీత అన్నది కనవడొద్దు. కనవడితె సూపర్‌వైజర్ మళ్ల ఎయ్యమంటడు."

ఆ మధ్యాహ్నమంతా రాస్తూనే ఉన్నాడు. నేనూ పక్కన రాశాను. పొద్దు వాలేసరికి ఆయన చెయ్యి మాట వినసాగింది. నాది మాత్రం వినలేదు.

మరునాడు నాయిన, నేను రాసిన బోర్డులు చూద్దువు పా అన్నాడు. ఇంటి పక్కవాళ్ల బండి అడిగి తీసుకుని ఇద్దరం బయలుదేరాం. అంత పెద్ద పిల్లనై నాయిన వెనక బండి మీద కూర్చోవడం నాకు కొత్త. ఎక్కడ పట్టుకోవాలో తెలియక సీటు వెనక కడ్డీ పట్టుకున్నాను.

ఆర్మూర్ బజారులో ఒక్కటీ లేదు. నాయిన ఒక మొబైల్ దుకాణం ముందు బండి ఆపి, ఇక్కడ బట్టల దుకాణం ఉండేదని, ఎర్ర అక్షరాలకు పచ్చ నీడ, దానికి మళ్లీ బంగారు అంచు వేశానని చెప్పాడు. పైన మెరుస్తున్న ఫ్లెక్సీ వైపు చూస్తూ చెప్పాడు, అది పారదర్శకమైనట్టు. ఇంకోచోట మందుల దుకాణం. ఇంకోచోట అసలు ఇల్లే లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. మాక్లూర్‌లో ఎరువుల దుకాణం షట్టర్ మీద ఆయన రాసిన వరి కంకి బొమ్మ, అక్షరాలు ఉండాలి. షట్టర్ ఉంది, దాని మీద సిమెంటు కంపెనీ వాళ్ల నీలం రంగు ఉంది.

నేను ఏం చేయాలో తోచక, ప్రతిచోటా నాయినను అక్కడ నిలబెట్టి ఫొటో తీశాను. ఇంటికొచ్చాక ఆ బోర్డు ఎట్లా ఉండేదో ఆయన చెబుతుంటే ఫొటో మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పెట్టి గీసేదాన్ని. అక్షరం ఎంత లావు, నీడ ఏ వైపు, మూలన పువ్వు ఉందా లేదా. కాగితం దించితే పాత బోర్డు, ఎత్తితే ఇప్పటి దుకాణం. పోర్ట్‌ఫోలియో కోసమని మొదలుపెట్టలేదు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారేది, అది వినడం కోసం.

వేల్పూర్‌లో మాత్రం ఒకటి దొరికింది. అక్కడ ఒక దర్జీ దుకాణానికి నాయిన బోర్డు రాశాడు. పైన చూస్తే ఫ్లెక్సీయే ఉంది. లోపలికి వెళ్లి పలకరిస్తే దర్జీ నాయినను గుర్తుపట్టి, మెషిన్ మీది నుంచి లేచి, చేతులు పట్టుకున్నాడు. పాత బోర్డు ఏమైందంటే కొంచెం సిగ్గుపడుతూ తాను బట్ట కత్తిరించే బల్లను చూపించాడు. రేకు బోర్డు, చెక్క చట్రం గట్టిగా ఉన్నాయని పారేయబుద్ధి కాక, తిరగేసి కాళ్లు కొట్టించాడు. బట్టలు తీసి, ముగ్గురం కలిసి బల్లను పక్కకు ఒరిగించాం.

ఎండ తగలక అక్షరాలు నిన్న రాసినట్టే ఉన్నాయి. నీలం మీద తెలుపు, తెలుపు కింద నారింజ నీడ. 'టైలర్' అన్న మాటలో 'ర్' తోక సూదిలో దారమై వంకరలు తిరుగుతూ బోర్డు చివరి దాకా పోయింది. నాయిన వేలితో ఆ దారం పొడవునా రాసుకుంటూ పోయాడు. కింద కుడి మూలన చిన్న అక్షరాలున్నాయి. వంగి చదివాను. నా పేరు. పక్కన 'ఆర్ట్స్'.

నేను పుట్టాక ఆయన తన దుకాణానికి నా పేరు పెట్టాడని అమ్మ ఎప్పుడో చెప్పింది. విన్నాను, మరిచిపోయాను. ఇప్పుడు కళ్లారా చూస్తే, నాకు తెలియకుండా నా పేరు ఇన్నాళ్లు ఒక బల్ల కింద, ఎవరెవరి పెళ్లి బట్టలో కత్తిరిస్తుంటే కింద పడుకుని ఉందనిపించింది. ఇట్లాంటివి ఎన్ని రాశావని అడిగాను.

"అన్నిటి మీద నువ్వే ఉంటివి," అన్నాడు నాయిన.

తీసుకుపొమ్మన్నాడు దర్జీ. నాయిన ఒప్పుకోలేదు, నీకు పనికొస్తుంది కదా ఉండనియ్ అన్నాడు. నేను ట్రేసింగ్ కాగితం పరిచి అక్షరాలన్నీ గీసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బండి మీద నాయిన భుజం పట్టుకున్నాను.

అన్నిటికంటే పెద్దది ధర్పల్లిలో ఉందని చెప్పాడు. రైస్ మిల్లు గోడ. మనిషి కంటే ఎత్తైన అక్షరాలు. నీకు అది చూపించాలె, అది చూస్తే తెలుస్తది అనేవాడు. వచ్చే ఆదివారం పోదామనుకున్నాం. గురువారం కంపెనీ నుంచి ఫోనొచ్చింది. కొత్త పని మొదలవుతోంది, వెంటనే రావాలి, లేకపోతే ఆ జాగాలో ఇంకొకరిని తీసుకుంటారు. టికెట్టు కూడా వాళ్లే పంపారు. ఆదివారం మేం ధర్పల్లికి కాదు, శంషాబాద్‌కు పోయాం. అద్దాల తలుపు దగ్గర నాయిన నా తల మీద చెయ్యి పెట్టి, రోజూ రాయమన్నాడు. అమ్మతో ఏమన్నాడో నాకు వినపడలేదు. నేను కొంచెం దూరం జరిగాను.

ఇంట్లో మళ్లీ ఇద్దరమే. అరుగు మీద అమ్మ చాట, లోపల నా కాగితాలు. పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది. ధర్పల్లి లేకుండానే ముగిద్దామనుకున్నాను. ఒంటరిగా పోయి చూడబుద్ధి కాలేదు. ఒకనాడు పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, జడ వేసుకుంటూ, ఈ పూట బీడీలు చెయ్యను, పా అంది.

"యాడికి?"

"ధర్పల్లికి. నాకు ఎరుకే గా గోడ."

ఆర్మూర్‌లో బస్సెక్కి నిజామాబాద్‌లో మారి ధర్పల్లిలో దిగాం. దారిలో ఆమె కిటికీ నుంచి చూస్తూనే ఉంది. మిల్లు ఊరి చివర. మూతపడి చాలా కాలమైంది. కాపలా ఉండే ముసలాయనకు అమ్మ సంగతి చెబితే గేటు తీశాడు. వెనకవైపు వెళ్లాం. తుమ్మచెట్లు మొలిచిన ఖాళీ జాగా, దాని మీదుగా పొడుగాటి గోడ.

పడమటి ఎండకు రంగు పోయింది. ఒకచోట పెచ్చులూడి ఇటుకలు కనబడుతున్నాయి. అయినా అక్షరాలు ఉన్నాయి. ఎరుపు వెలిసి ఉతికిన చీర రంగుకు వచ్చింది కానీ అంచు ఎక్కడా చెదరలేదు. నేను తలెత్తి చూస్తూ ఉండిపోయాను. అమ్మ గోడ దగ్గరికి పోయింది. 'మి' అక్షరం కింద నిలబడి అరచెయ్యి గోడకు ఆనించింది.

"గీడ నిలవడేదాన్ని," అంది.

నాకు తెలియని కథ అప్పుడు చెప్పింది. అప్పుడు పెళ్లయిన కొత్త. నాయినకు తోడు పనిచేసే మనిషి జ్వరంతో పడిపోయాడు, మిల్లు సేటు తొందరపెడుతున్నాడు. అత్తమ్మకు చెప్పకుండా సద్ది కట్టుకుని ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కేవారు. నాయిన నిచ్చెన మీద పైన, అమ్మ కింద. నీలం పొడి అద్దిన దారం పైకొస ఆయన చేతిలో, కిందికొస ఈమె చేతిలో.

"గట్టిగ గుంజి పట్టుకోమనెటోడు. నడుమల పట్టి ఇడిస్తే టప్పుమని గోడకు గీత పడేది. ముక్కులకు, నోట్లెకు అంత నీలమే. ఇంటికి పోయేటప్పుడు బస్సుల అందరు మమ్ముల జూసి నవ్వేది," అంది. ఆ నవ్వు ఆమె ముఖంలో ఇంకా ఉంది.

తర్వాత మెల్లగా, నాతో కాక గోడతో అన్నట్టు అంది. "గప్పుడు ఆయన అంగికి ఎప్పటికి టర్పెంటు వాసనే. తిట్టేదాన్ని. ఇప్పుడు వస్తే అత్తరు వాసనొస్తది. ఎవలో చుట్టం వచ్చినట్టుంటది. మన మనిషేనని గుర్తువట్టెటాల్లకు పోతడు."

ఫొటో తీస్తాను, అక్కడే ఉండమన్నాను. అమ్మ కొంగు సర్దుకుని నిలబడింది. అక్షరం సగానికి కూడా రాలేదు ఆమె తల. ఆ తర్వాత చెట్టు నీడలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. బస్సు టైమైనా అమ్మ లేవలేదు. పొద్దు గోడ మీదికి వచ్చేదాకా కూర్చుంది. నేను గోడను గీసుకున్నాను, ఆమెను గీసుకున్నాను.

ఆ ఫొటో నాయినకు పంపాను. శుక్రవారం ఫోన్ చేశాడు. గోడ అట్లనే ఉన్నందుకు సంతోషపడతాడనుకున్నాను. అక్షరాల గురించి ఒక్క మాట అడగలేదు.

"మీ అమ్మ గింత బక్కగైందేంది? నేనున్నప్పుడు గిట్ల లేకుండె," అన్నాడు.

ఉన్నప్పుడూ అట్లాగే ఉందని నేను అనలేదు.

పోర్ట్‌ఫోలియోలో చివరికి పసుపు కల్లాల బొమ్మలు ఒక్కటీ పెట్టలేదు. లేని బోర్డుల ముందు నాయిన ఫొటోలు, వాటి మీద ట్రేసింగ్ కాగితాలు, దర్జీ బల్ల, ధర్పల్లి గోడ, గోడ కింద అమ్మ. వెనక నేను రోజూ రాసిన అక్షరాలు, వంకరవి కూడా. బజారులో జిరాక్స్ దుకాణంలో కూర్చుని ఒక్కొక్కటి స్కాన్ చేయించాను. అక్క మొత్తం చూసి, ఇగ ఏం మార్చకు, పంపెయ్ అంది.

ఇంటర్వ్యూకి పిలిచారు. మా కాలేజీ కంప్యూటర్ గదిలో కూర్చున్నాను, తెర మీద ముగ్గురు కనిపించారు. నాకొచ్చిన ఇంగ్లీషు కొంత, హిందీ కొంత కలిపి మాట్లాడాను. ఒక సారు ట్రేసింగ్ కాగితాలు చూపించమని, ఆ రంగులు అవేనని నీకెట్లా తెలుసు అని అడిగాడు. మా నాయిన చెప్పాడన్నాను. ఇన్నేళ్ల కిందటివి, ఆయన తప్పుగా చెప్పి ఉండొచ్చు కదా అన్నాడు. ఉండొచ్చు, ఆయనకు యాదికున్నదే నేను గీశానని చెప్పాను. ఒక మేడమ్, వీటిలో నీ అక్షరాలేవి అని అడిగింది. వెనక పేజీలు తీసి చూపించాను. ఆమె వాటిని చాలాసేపు చూసి, రాయడం ఆపకు అంది. ఆ మాట పట్టుకుని నేను సీటు వచ్చేసినంత ధైర్యంగా ఇంటికి పోయాను.

రాలేదు. వెయిటింగ్ లిస్టులో వేశారు, అది నా దాకా కదలలేదు. ఆ వారమంతా బ్రష్ చూస్తేనే కోపమొచ్చేది. అమ్మ ఓదార్చలేదు, ఇంకో కాలేజీ లేదా అని మాత్రం అడిగింది. హైదరాబాద్‌లో ఒకటి ఉంది, గడువు దాటలేదు. వాళ్లు వేరే పరీక్ష పెట్టారు, అదే పోర్ట్‌ఫోలియో చూశారు, సీటు ఇచ్చారు. నేను కలగన్న కాలేజీ కాదు. చెబితే నాయిన, హైదరాబాద్ అయితే మంచిదేనాయె, మీ అమ్మకు దగ్గర అన్నాడు. దగ్గర అన్న మాట ఆయన నోట విని ఎందుకో బాధేసింది.

ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నాను. అక్షరాలు కంప్యూటర్ మీద చేయడం నేర్పుతున్నారు, నేర్చుకుంటున్నాను. గీత వణకదు, నేల తప్పదు. కొన్ని సాయంత్రాలు మాత్రం ఆర్మూర్ ఇంట్లో నేల మీద దినపత్రికలు పరుచుకుని ఇద్దరం పక్కపక్కన రాసిన ఆ మధ్యాహ్నం మీదికి మనసు పోతుంది. టర్పెంటు వాసన అమ్మకు లాగే నాకూ తెలిసింది ఆ కొద్ది రోజుల్లోనే. నాయిన మళ్లీ ఎప్పుడొస్తాడంటే ఈ పని అయిపోయాక అంటాడు. ఒక పని అయిపోతే ఇంకోటి ఉంటుంది.

మొన్న సెలవులకు ఇంటికి పోయాను. శుక్రవారం మధ్యాహ్నం, ఎప్పటిలాగే ఫోనొచ్చింది. అమ్మ చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. ఆ రోజు నాయిన గదిలో లేడు. తోటివాళ్లతో సముద్రం ఒడ్డుకు పోయాడట. ఫోన్ తిప్పి మాకు సముద్రం చూపించాడు. నీలం నీళ్లు, దూరాన తెల్లటి ఓడ, రాళ్లకు కొట్టుకునే అలలు. మంచిగుందా, చూస్తున్నారా అని ఆయన గొంతు గాలిలో వినిపిస్తోంది. నేను చూస్తున్నానన్నాను.

అమ్మ కాసేపు చూసింది. తర్వాత ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకుని, "సముద్రం ఉంటది తియ్. నీ దిక్కు తిప్పు," అంది.

నాయిన తిప్పాడు. ఎండకు కళ్లు చిట్లించుకుని ఉన్నాడు, జుట్టు గాలికి లేస్తోంది. నేను లేచి లోపలికి పోయాను, పొయ్యి మీద చాయ్ పెట్టడానికి. అరుగు మీద నుంచి చాలాసేపు ఫోన్‌లోని గాలి హోరు ఒక్కటే వినపడింది.